ఇనుప కాళ్ళకు దండం

చైత్రమాసం వస్తే ధోండిబా కాళ్ళు తోముకోవడం మొదలుపెడతాడు.

చెప్పులు కుట్టేవాడి కాళ్ళు అవి. ఏడాదంతా తోలు ముక్కల మధ్య, మేకుల మధ్య, పచ్చి చర్మం నానబెట్టిన నీళ్ళ మధ్య బతుకుతాయి. మడమ పగుళ్ళలో నల్లటి మైనం దిగిపోయి ఉంటుంది. సప్తాహానికి నాలుగు రోజుల ముందు నుంచీ వాటిని వేడినీళ్ళలో నానబెట్టి, గరుకు రాయితో రుద్ది, ఆముదం రాసి, మళ్ళీ రుద్దుతాడు. దేవుడి పనికి ఊరంతా చేతులు కడుక్కుంటే, ఆ ఇంట్లో మాత్రం కాళ్ళు కడుక్కుంటారు.

"పెళ్ళినాడు కూడా ఇంత రుద్దలేదు మీరు," అంది ఆయన భార్య సరూబాయి, పొయ్యి దగ్గర జొన్న రొట్టె తడుతూ.

"పెళ్ళినాడు నా కాళ్ళ మీద పాటిల్ తల పెట్టలేదు కదే."

"పెట్టినా నీళ్ళు దండగ. ఆ మడమల్లో దూడ దాక్కున్నా కనపడదు."

సోన్‌వడిలో సప్తాహం అంటే ఏడు రోజులు. మారుతి గుడి ముందు పందిట్లో పగలూ రాత్రీ నామం ఆగకూడదు. ఒక మనిషి మెడలో వీణ వేసుకుని, చేత చిడతలు పట్టుకుని, "జయ జయ రామకృష్ణ హరి" అంటూ రెండు గంటలు నిలబడాలి. దాన్ని పహారా అంటారు. రెండు గంటలయ్యాక వీణ ఇంకొకరి మెడలోకి పోవాలి. నేల మీద పెట్టకూడదు, మేకుకి తగిలించకూడదు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి కాళ్ళ మీద తల పెట్టి "మావులీ" అనాలి. మావులి అంటే అమ్మ. విఠోబా దేవుడి భక్తులకి ఎదురొచ్చిన ప్రతివాడూ అమ్మే. అందుకని పుచ్చుకునేది ఎవరు, ఏ కులం అని అడగడానికి లేదు.

అడగడానికి లేదు గానీ, వెనకటికి ధోండిబా వాళ్ళని పందిట్లోకే రానిచ్చేవాళ్ళు కాదు. నలభై మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, పన్నెండు నుంచి రెండు దాకా ఊరి పెద్ద పాటిల్ గణపత్‌రావ్ పహారా. రెండింటికి రావలసినవాడు వడదెబ్బ తగిలి పొలంలో పడిపోయాడు. చైత్రపు ఎండలో ఊరు ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. రెండున్నర అయింది, మూడు అయింది. పాటిల్ కాళ్ళు వణుకుతున్నాయి. వీణ దించడానికి లేదు. పందిరి బయట బండ మీద కూర్చుని పఖవాజ్ మద్దెల తోలు పట్టీ బిగిస్తున్న మహాదూ ఒక్కడే కంటికి ఆనాడు. అతనే ధోండిబా తండ్రి. గణపత్‌రావ్ అటూ ఇటూ చూశాడు. చూసి చూసి, పిలిచాడు. వీణ మెడలో వేశాడు. నియమం నియమమే కాబట్టి వంగి, మహాదూ కాళ్ళ మీద తల పెట్టాడు.

ఇంటికి పోయి పాటిల్ మూడుసార్లు స్నానం చేశాడని ఊళ్ళో చెప్పుకున్నారు. అయినా మరుసటేడు రెండింటికి మహాదూ వచ్చి నిలబడితే పొమ్మనలేకపోయాడు. ఒకసారి పట్టిన పహారా ఆ ఇంటిదే. వీణ ముందు పాటిల్ పప్పులు ఉడకలేదు. తర్వాత గణపత్‌రావ్ కొడుకు బాబూరావ్ ఇచ్చాడు, మహాదూ కొడుకు ధోండిబా పుచ్చుకున్నాడు. బాబూరావ్ మొదట్లో గాలికి జొన్న కంకి ఊగినంత వంగేవాడు. పోనుపోనూ నిజంగానే తల ఆనించాడు. నిరుడైతే నడుం పట్టేసి, "ధోండిబా, నేనింక దిగలేను, నీ కాళ్ళే కాస్త పైకెత్తరా," అని నవ్వాడు. ఇద్దరూ నవ్వారు. ఆ కార్తీకంలోనే బాబూరావ్ పోయాడు.

ఏడాదిలో తక్కిన రోజులన్నీ ధోండిబా పాటిల్ వాకిలి మెట్టు కింద నిలబడే మాట్లాడతాడు. ఆ ఒక్క రోజు రెండింటికి మాత్రం ఆ ఇంటి తల ఆయన కాళ్ళ మీదికి వస్తుంది. ఈ ఏడు బాబూరావ్ కొడుకు సంగ్రామ్ వంతు. సంగ్రామ్ పూణెలో చదువుకున్నాడు, రేపో మాపో జిల్లా ఎన్నికల్లో నిలబడతాడని అనుకుంటున్నారు. చదువుకున్నవాడు కదా, తాతలాగా మూడు స్నానాలు చెయ్యడులే అని ధోండిబా అనుకున్నాడు.

సప్తాహం మొదటిరోజు పొద్దున్నే, తాను కుట్టిన కొత్త తోలు పట్టీ తీసుకుని పందిట్లోకి వెళ్ళాడు. ప్రతి ఏడూ వీణకి పట్టీ మార్చేది ఆయనే. మెడ ఒరుసుకుపోకుండా లోపలివైపు మేక తోలు వేసి, నూనె పట్టించి తెచ్చాడు.

వీణ ఎవరి మెడలోనూ లేదు.

పందిరి మధ్యలో నాలుగు కాళ్ళ ఇనుప స్టాండు ఉంది. పైన కొక్కేనికి వీణ వేలాడుతోంది. దాని పక్క నుంచి ఒక చిన్న మోటారు, ఆ మోటారుకి మనిషి చర్మం రంగులో ఒక ప్లాస్టిక్ వేలు. ఆ వేలు వంగి తీగని మీటి, మళ్ళీ నిటారుగా లేస్తోంది. టక్. వంగుతోంది, లేస్తోంది. టక్. వేలికి గోరు కూడా చెక్కారు. తోలు తీసిన బల్లి కాలు కొట్టుకుంటున్నట్టుంది. స్పీకర్లో ఎవరో పాటగాడి గొంతు నామం చెబుతోంది, ఊపిరి తీసుకోకుండా. మూలనున్న డబ్బా నిమిషానికోసారి బుస్సుమని అత్తరు చిమ్ముతోంది. బస్టాండు మరుగుదొడ్డి కడిగాక వచ్చే వాసన అది.

వెనకాల పెద్ద టీవీ. అందులో ఫొటోలు మారుతున్నాయి. పూణె నుంచి ఫలానా ఆవిడ, ఐదు నిమిషాల పహారా. ముంబై నుంచి ఫలానా ఆయన, పది నిమిషాలు. ఆయన సముద్రం ఒడ్డున చొక్కా లేకుండా నల్లకళ్ళద్దాలతో నవ్వుతున్నాడు.

ధోండిబా పైకండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వాడ నుంచి చచ్చిన గేదెని లాక్కొచ్చి తోలు తీసినప్పుడు కూడా ఆయన ఎన్నడూ ముక్కు మూసుకోలేదు.

"రా తాత్యా, రా," అన్నాడు సంగ్రామ్. తెల్ల లాల్చీ, నుదుట గంధం, చేతిలో రెండు ఫోన్లు. "చూశావా? ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడున్నవాళ్ళైనా మన ఊరి పహారాలో నిలబడొచ్చు. ఫోన్లో పేరు నొక్కితే చాలు."

"నా పేరు ఎక్కడుంది దాదా? రెండు నుంచి నాలుగు దాకా నాది."

"ఇంకా ఎందుకు తాత్యా నీకీ కష్టం? ఆ ఎండలో, ఈ వయసులో. విశ్రాంతి తీసుకో. కావాలంటే నువ్వు కూడా ఇంట్లో పడుకుని నొక్కుకో."

"వీణ కొక్కేనికి తగిలించకూడదు కదా."

సంగ్రామ్ ఓపిగ్గా నవ్వాడు. పందిట్లో ఉన్న పదిమందికీ వినపడేలా గొంతు పెంచాడు. "సంతులు, ఆ మహాభక్తులు, ఏం చెప్పారు తాత్యా? రాయిలో ఉన్నాడు, రప్పలో ఉన్నాడు. మరి మెషీన్లో లేడా? మనుషుల చేతికిస్తే వాడు పెద్ద, వీడు చిన్న అని వస్తుంది. మెషీన్‌కి కులం ఉందా? ఇంతకన్నా సమానత్వం ఎక్కడ దొరుకుతుంది చెప్పు."

పందిట్లో తలలు ఊగాయి. కీర్తనలు చెప్పడానికి కారు పంపి పిలిపించిన మహారాజ్ పరుపు మీద కూర్చుని దానిమ్మ గింజలు నములుతూ అందుకున్నాడు. "నిజమే మావులీ. దేహం అబద్ధం, భావం నిజం. నిలబడేది దేహం కాదు. నీ భావం ఉంటే ఇంట్లో ఉన్నా నీ పహారా నీదే."

"అయితే మహారాజ్," అన్నాడు ధోండిబా మెల్లగా, "మీరు కూడా మీ ఊళ్ళోనే ఉండి భావంతో కీర్తన చెప్పేస్తే పోయేది. కారు పంపించే పని తప్పేది."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. మహారాజ్ నోట్లో గింజలు ఆగాయి. సంగ్రామ్ మాత్రం కోపం తెచ్చుకోలేదు. భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే ఆపి, "పట్టీ భలే కుట్టావు, ఇటివ్వు, స్టాండుకి వేయిస్తా," అన్నాడు.

ధోండిబా పట్టీ ఇవ్వలేదు. మెడలో వేసుకునే పట్టీ అది. ఇనుముకి మెడ ఒరుసుకుపోదు.

ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. సరూబాయి రొట్టె, పిఠలె పెట్టింది. శనగపిండి ఉడుకు వాసన అంటే ప్రాణం ఆయనకి. ముద్ద నోటిదాకా పోలేదు.

"ఏమన్నాడు?" అంది.

"దేవుడు మెషీన్లో ఉన్నాడన్నాడు."

"మన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మెషీన్లోకి దూరాడా?"

ఎక్కడ ముల్లు గుచ్చుకుందో ధోండిబాకి తెలుసు, పైకి అనలేదు. ఆవిడ అనేసింది. వీడి తాతముత్తాతలు వద్దనుకుంటే మొహం మీదే వద్దన్నారు. ఆ తిట్టుకి ఎదురు నిలబడొచ్చు. వీడు సంతుల మాటలతోనే తలుపు వేశాడు. పైగా ఊరు తల ఊపింది. ఊరు తల ఊపిన సంగతికే ఆయనకి ఎక్కువ అసహ్యం వేసింది.

అయినా రెండో రోజు నుంచీ మధ్యాహ్నం పూట వెళ్ళి పందిరి బయట బండ మీద కూర్చునేవాడు, తండ్రి కూర్చున్న చోటే. పఖవాజ్ పట్టీలు బిగిస్తూ, రెండు నుంచి నాలుగు దాకా పెదాలతో నామం చెప్పుకుని లేచిపోయేవాడు. లోపల వేలు టక్ టక్ మంటూనే ఉండేది. సరూబాయి వంటపాక దగ్గర గిన్నెలు తోమే ఆడవాళ్ళతో ఉండేది. సంగ్రామ్ వీడియోలు తియ్యడానికి పూణె నుంచి వచ్చిన రుచా అనే అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని పందిరంతా తిరిగేది.

ఐదో రోజు రెండు కావస్తుండగా కరెంటు పోయింది.

ఇన్వర్టర్ బ్యాటరీ ఆ ముందురోజే ఉబ్బి మూలపడింది. స్పీకర్ సగం నామంలో తెగింది. ప్లాస్టిక్ వేలు తీగ మీదికి వంగి అక్కడే ఉండిపోయింది. టీవీ నల్లబడింది. పందిట్లో కునుకుతున్నవాళ్ళకి ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. ఇన్నేళ్ళలో సప్తాహంలో నామం ఆగిన చప్పుడు ఎవరూ వినలేదు. వంటపాకలో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"నామం ఆగిపోయింది, నామం ఆగిపోయింది," అని ఎవరో ముసలమ్మ శోకం పెట్టింది.

సంగ్రామ్ పరిగెత్తుకొచ్చాడు. చెమటకి గంధం కారి ముక్కు మీదికి వచ్చింది. చుట్టూ చూశాడు. కుర్రాళ్ళకి నామం సరిగా రాదు. పెద్దవాళ్ళు నేలచూపులు చూశారు. సంగ్రామ్ చూపు పందిరి బయటికి వచ్చింది.

"తాత్యా, లోపలికి రా. వీణ తీసుకో."

ధోండిబా లేచి లోపలికి వచ్చాడు. స్టాండు ముందు నిలబడ్డాడు. "ఎవరి చేతి నుంచి?"

"అదిగో ఉంది కదా, తీసుకో."

"ఇనుము దగ్గర పుచ్చుకోను దాదా. మనిషి ఇస్తే పుచ్చుకుంటా."

ఒక క్షణం సంగ్రామ్ దవడ బిగిసింది. తర్వాత కొక్కెం నుంచి వీణ తీసి తన మెడలో వేసుకున్నాడు. రెండుసార్లు నామం చెప్పాడు, గొంతు వాళ్ళ నాన్నదే. వీణ తీసి ధోండిబా మెడలో వేశాడు. వంగాడు. ధోండిబా కాళ్ళ మీద నుదురు ఆనింది, చెమటతో వెచ్చగా. "మావులీ," అన్నాడు.

ధోండిబా గుండె కరిగింది. చిన్నప్పుడు వీడికి మొదటి చెప్పులు తానే కుట్టాడు, అరచేతిలో పట్టేంతవి. ఆ సంగతి గుర్తొచ్చి, వంగిన తల మీద చెయ్యి పెట్టాడు.

"దాదా, సరిగా రాలేదు," అంది రుచా. "మొహం అటు తిరిగిపోయింది. ఇంకోసారి చేద్దామా?"

సంగ్రామ్ లేచి, నుదురు తుడుచుకుని, ధోండిబా మెడలోంచి వీణ తీసి మళ్ళీ తన మెడలో వేసుకున్నాడు. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ వంగాడు, ఈసారి మొహం ఫోన్ వైపు తిప్పి.

"చాలా బావుంది. కాకా, చివరిది ఒక్కటి," అంది ఆ అమ్మాయి. కల్మషం లేని పిల్ల, నవ్వుమొహం. "దాదా వంగబోతుంటే మీరు కాళ్ళు వెనక్కి తీసుకుని, వద్దు వద్దు అన్నట్టు చేతులు పట్టుకోండి. కళ్ళు తుడుచుకోగలిగితే ఇంకా బావుంటుంది. అప్పుడు దాదా బలవంతంగా దణ్ణం పెడతారు."

ధోండిబాకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు కాళ్ళూ నేలకి గట్టిగా ఆనించాడు.

"వద్దని నేనెప్పుడూ అనలేదమ్మా," అన్నాడు. "మా అయ్య కూడా అనలేదు."

"ఊరికే తాత్యా," అన్నాడు సంగ్రామ్ పళ్ళ మధ్య నుంచి, పెదాల మీద నవ్వు చెరగకుండా. "నీ మర్యాదే పెరుగుతుంది. వినయంగా కనపడితే నష్టమేంటి? ఒక్క అడుగు వెనక్కి వెయ్యి."

"నేను వెనక్కేస్తే నువ్వు పెద్దవాడివవుతావు. వెయ్యను సంగ్రామ్."

దాదా అనలేదు, పేరు పెట్టి పిలిచాడు. ఊరు విన్నది. అప్పుడు ధోండిబాకి ఇంకో సంగతి తట్టింది. ఇంతసేపూ ఈ ఇవ్వడాలు, పుచ్చుకోవడాల్లో నామం ఎవరూ చెప్పడం లేదు. పందిట్లో ఒక్కరికీ ఆ గుర్తే లేదు. అందరూ ఫోన్ వైపు చూస్తున్నారు.

"జయ జయ రామకృష్ణ హరి," అని చిడతలు మోగించి నడవడం మొదలుపెట్టాడు, పందిరికి ఆ చివర నుంచి ఈ చివరకి. సంగ్రామ్ వంగబోతున్నవాడల్లా నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా అయ్యాడు.

మూడింటికి కరెంటు వచ్చింది. స్పీకర్ తెగిన చోటి నుంచి అందుకుంది. వీణ లేని స్టాండు మీద ప్లాస్టిక్ వేలు ఉత్త గాలిని మీటుతోంది. టక్. టక్. ధోండిబా గొంతు స్పీకర్ కింద ఎవరికీ వినపడలేదు. ఆపమని ఆయన అడగలేదు, వాళ్ళంతట వాళ్ళు ఆపలేదు. అలాగే నడిచాడు నాలుగు దాకా. టీవీలో ఎవరో పెళ్ళి ఫొటో పెట్టుకున్నావిడ ఆ గంటంతా తానే నిలబడ్డట్టు రాయించుకుంది.

నాలుగు కాగానే సంగ్రామ్ స్టాండుని కాస్త ముందుకి జరిపించాడు. "దీనికి తగిలించెయ్ తాత్యా. నియమం ప్రకారం ఒక చిన్న దండం పెట్టెయ్. ఫోన్లో అది కూడా ఉంటే పూర్తవుతుంది."

ధోండిబా కిందికి చూశాడు. నాలుగు ఇనుప కాళ్ళు. అడుగున నల్లటి రబ్బరు బిళ్ళలు. ఒకదానికి ఎవరో తొక్కిన అరటిపండు గుజ్జు అంటుకుని ఉంది.

"వీటికా?"

"భావం ముఖ్యం," అన్నాడు మహారాజ్ పరుపు మీద నుంచి.

ధోండిబా ఆయన వైపు తిరగలేదు. పందిట్లోకి చూశాడు. "ఎవరికైనా రెండు గంటలు ఉన్నాయా?" అని అడిగాడు. అందరూ తెలిసిన మొహాలే. అందరి కాళ్ళకీ తాను చెప్పులు కుట్టినవాడే, ఎవరి కాలికి ఏ వేలు వంకరో కూడా తెలుసు. ఒకడు మెడ గోక్కున్నాడు. ఒకడు టీవీ చూశాడు. సంగ్రామ్ ఇంటి భోజనం ఐదు రోజులుగా అందరి కడుపులోనూ ఉంది.

వంటపాక వైపు నుంచి సరూబాయి వచ్చింది. చేతులకి బూడిద, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని ఉంది. "నాకున్నాయి," అంది.

"ఆడదాని మెడలోనా?" అన్నాడెవడో.

"అందర్నీ అమ్మా అమ్మా అని పిలుస్తారు కదరా. అమ్మకి మెడ ఉండదనుకున్నారా?" చేతులు చీరకి తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

ధోండిబా తాను కుట్టిన కొత్త పట్టీ జేబులోంచి తీసి, పాతది విప్పి వీణకి కట్టాడు. వీణ ఆవిడ మెడలో వేశాడు. వంగాడు. నలభయ్యేళ్ళ కాపురంలో ఆ కాళ్ళని ఎన్నడూ అంత దగ్గర నుంచి చూడలేదు. మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. వేళ్ళ మధ్య బూడిద, చింతపండు పిప్పి. నుదురు ఆనించాడు. "మావులీ," అన్నాడు.

"లేవండిక," అంది సరూబాయి మెల్లగా. "నావి తోముకోలేదు."

పక్కన ఫోన్ ఎత్తి ఉంది. "ఇది తియ్యకమ్మా," అన్నాడు ధోండిబా లేస్తూ.

"అప్పటికే తీశాను కాకా," అంది రుచా, కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత బావుందో."

"ఈ ముక్క అక్కర్లేదు," అన్నాడు సంగ్రామ్ ఆమెతో. "నాది ఉంది కదా, రెండోది. అది చాలు."

మర్నాడు పొద్దున్న నుంచీ టీవీలో అదే. తెల్ల లాల్చీ పాటిల్ వంగి, మొహం ఇటు తిప్పి, చెప్పులు కుట్టేవాడి కాళ్ళకి దండం పెడుతున్నాడు. కింద పూలు రాలుతున్నాయి, వెనకాల సన్నాయి. ధోండిబా మొహం పైన కత్తిరించేశారు. కాళ్ళు మాత్రమే ఉన్నాయి, శుభ్రంగా తోమిన కాళ్ళు. లక్షమంది చూశారని చెప్పుకున్నారు. ఊరు మురిసిపోయింది. ఆ టీవీ కిందనే, స్పీకర్ హోరులో, మిగిలిన రెండు రోజులూ మొగుడూ పెళ్ళాం వీణని ఒకరి మెడలోంచి ఒకరి మెడలోకి మార్చుకుంటూ నిలబడ్డారు. మార్చుకున్నప్పుడల్లా ఒకరి కాళ్ళ మీద ఒకరు తల పెట్టారు. గిన్నెలు తోమే కళాబాయి ఒకసారి వచ్చి పుచ్చుకుంది, వాళ్ళిద్దరూ కాస్త నడుం వాల్చారు. వీణ మళ్ళీ కొక్కెం ఎక్కలేదు.

ఎనిమిదో రోజు ముగింపుగా ఉట్టి కొట్టి, అటుకులు, పెరుగు పంచాక ధోండిబా ఇంటికి వచ్చాడు. నీళ్ళు కాచుకున్నాడు. గరుకు రాయి తీసుకుని పెరట్లో కూర్చుని కాళ్ళు రుద్దసాగాడు.

"సప్తాహం అయిపోయింది కదా," అంది సరూబాయి గుమ్మంలోంచి. "ఇంకా ఎవరికోసం?"

ఆయన మడమలు వదిలేసి కాళ్ళ పైభాగమే రుద్దుతున్నాడు, సంగ్రామ్ నుదురు ఆనిన చోట. నీళ్ళు పారబోసి మళ్ళీ పోసుకున్నాడు. మళ్ళీ రుద్దాడు. మూడోసారి నీళ్ళకి ఆవిడే చెంబు తెచ్చి ఇచ్చింది.